బంతి మళ్ళీ నడిమికి

ఫుట్‌బాల్ మైదానంలో గోల్ పడిన తర్వాతి నిమిషాన్ని ఎవరూ పట్టించుకోరు. వేసినవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి కేరింతలు కొడుతుంటారు, కెమెరాలు వాళ్ళ వెంటే తిరుగుతుంటాయి. ఈలోగా గోల్ సమర్పించుకున్న జట్టులో ఎవరో ఒకరు వలలోంచి బంతి తీసి, మైదానం నడిబొడ్డున ఉన్న చుక్క మీదికి తెచ్చి పెడతారు. సందడి అణగాక అందరూ ఎవరి సగంలోకి వాళ్ళు నడుస్తారు. రిఫరీ విజిల్ ఊదుతాడు. మొదటి తన్ను గోల్ పోగొట్టుకున్నవాళ్ళది. చూడ్డానికి ఇదొక విరామం, ఆటకూ ఆటకూ మధ్య ఊపిరి పీల్చుకునే సమయం. కానీ ధర్మశాస్త్రాలూ మతాలూ న్యాయస్థానాలూ వేల ఏళ్ళుగా తలపట్టుకుంటున్న ప్రశ్న ఒకటి ఈ తంతులోనే ఉంది. జరిగిపోయినదాన్ని ఎప్పుడు మూసెయ్యాలి, ఏ షరతుల మీద మూసెయ్యాలి? తొందరపడి మూస్తే నష్టపోయినవాడి నోరు నొక్కినట్టే. ఎన్నటికీ మూయకపోతే బతికున్నవాళ్ళెవరూ కొత్తగా ఏ పనీ మొదలుపెట్టలేరు, పాత లెక్కలు తేల్చుకోవడంలోనే ఆయువు తీరిపోతుంది. ఈ ప్రశ్నకు ఫుట్‌బాల్ నియమాలు చెప్పే జవాబు చాలా తత్వగ్రంథాల జవాబు కంటే నిక్కచ్చిగా ఉందని నేను నమ్ముతున్నాను. ఆ నమ్మకానికి కారణాలు ఇక్కడ చెబుతాను. దానికి ఎదురయ్యే అభ్యంతరాలు తేలికపాటివి కావు కాబట్టి వాటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

ముందు గోల్ అంటే ఏమిటో తేల్చుకోవాలి. ఆటకున్న 17 నియమాల్లో పదోది దాన్ని నిర్వచిస్తుంది. బంతి మొత్తం రెండు స్తంభాల నడుమ నుంచి, అడ్డకర్ర కింది నుంచి గోల్ గీతను దాటాలి. ఆ క్రమంలో వేసిన జట్టు ఏ తప్పూ చేసి ఉండకూడదు. బంతి అంచు వెంట్రుకవాసి గీత మీద నిలిచినా అది గోల్ కాదు. ఇంత కచ్చితత్వం ఒక్కరోజులో రాలేదు. 1863లో లండన్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ మొదటిసారి నియమాలు రాసుకున్నప్పుడు అడ్డకర్రే లేదు, స్తంభాల మధ్య బంతి ఎంత ఎత్తున పోయినా గోలే. 1866లో స్తంభాల మధ్య పట్టీ కట్టారు, తర్వాత దాని స్థానంలో కర్ర వచ్చింది. లివర్‌పూల్ ఇంజనీరు జాన్ అలెగ్జాండర్ బ్రోడీ ఆలోచనతో 1890ల మొదట్లో వల వచ్చింది. బంతి పడిందా లేదా అన్న ప్రశ్నకు ఒకే ఒక్క జవాబు ఉండాలన్న తపన ఈ మార్పులన్నిటి వెనకా కనిపిస్తుంది. అయితే ఇంత కష్టపడి నిర్ధారించిన గోల్ దాన్ని వేసినవాడికి ఏమిస్తుంది? ఒక అంకె ఇస్తుంది, అంతకుమించి ఏమీ ఇవ్వదు. తర్వాతి బంతి అతనిది కాదు. అతను చొచ్చుకెళ్ళిన నేలా అతనిది కాదు, అంగుళం మిగుల్చుకోకుండా వదిలేసి తన సగంలోకి తిరిగి రావాలి. బంతికి కనీసం 9.15 మీటర్ల దూరంలో నిలబడి, ఎదుటివాడు తన్నేదాకా ఆగాలి. గోల్ పడ్డాక ఓడినవైపువాళ్ళే తన్నాలన్న మాట 1863 నాటి మొదటి ప్రతిలోనే ఉంది. అప్పట్లో ప్రతి గోల్ తర్వాతా రెండు జట్లూ వైపులు కూడా మార్చుకునేవి. గాలివాటమో నేలవాలో ఒకరికి అనుకూలంగా ఉంటే, గోల్‌తో అదీ చేతులు మారేది. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ సెమీఫైనల్ దాకా వెళ్ళిన భారత జట్టు యుగోస్లావియా మీద ముందుగా గోల్ వేసింది. మరుక్షణం బంతి నడిమికి వచ్చింది, యుగోస్లావియా కాళ్ళకు చేరింది. ఆట ముగిసేసరికి లెక్క 4–1. భారత్ వేసిన ఆ ఒక్క గోల్‌ని ఎవరూ చెరపలేదు, చెరపలేరు. కానీ ఆ తర్వాత జరగబోయేదాని మీద దానికి ఏ హక్కూ లేకపోయింది.

జరిగింది చెరగదు, జరగబోయేదాన్ని శాసించదు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావడం ఎంత కష్టమో మన కర్మ సిద్ధాంతాన్ని కాస్త లోతుగా చూసినవాళ్ళకు తెలుసు. సంచితం, ప్రారబ్ధం, ఆగామి అని వేదాంతులు కర్మను మూడుగా విడదీసి చూపడానికి కారణం ఈ చిక్కే. ప్రారబ్ధం విడిచిన బాణం లాంటిది, దాన్ని వెనక్కి పిలవలేం. ఆగామి ఇంకా చేతిలో ఉన్న బాణం, దాన్ని ఎటు వేస్తామన్నది మన ఇష్టం. ఈ తేడాను మరచిన వాడుకలో కర్మ అన్న మాట తలరాతకు పర్యాయపదంగా దిగజారింది. ‘వాడి కర్మ’ అని చేతులు దులుపుకునేటప్పుడు మనం నిన్నటి అంకెను చూపించి ఇవాళ్టి బంతిని కూడా లాక్కుంటున్నాం. యూదుల ధర్మశాస్త్రం ఇదే ప్రశ్నను మరో దారిలో పట్టుకుంది. లేవీయకాండం 25వ అధ్యాయం చెప్పే సునాద సంవత్సరం యాభై ఏళ్ళకు ఒకసారి వస్తుంది. ప్రాయశ్చిత్త దినాన బూర ఊదిస్తారు. అమ్ముకున్న పొలం తిరిగి మొదటి కుటుంబానికి చేరుతుంది, అప్పు తీర్చలేక బానిసైనవాడు ఇంటికి పోతాడు. అంతకాలం ఆ పొలంలో పండించుకున్న గింజలను మాత్రం కొన్నవాడు తిరిగి ఇవ్వనక్కర్లేదు. పంట అతని లెక్కలో ఉంటుంది, నేల వెనక్కి వెళుతుంది. సంచితాన్ని ఎన్ని జన్మలైనా మోయించే దృష్టికీ, యాభయ్యో ఏట బూర ఊదే దృష్టికీ మధ్య ఫుట్‌బాల్ ఎక్కడ నిలుస్తుందంటే, రెండో దానికి దగ్గరగా అంటాను. ఒక్క తేడా ఉంది. యాభై ఏళ్ళు ఆగకుండా, ప్రతి గోల్‌కీ ఆ బూర ఊదుతుంది.

బంతి ఎవరి చేతికి రావాలన్న విషయంలో నియమాలు నడిచొచ్చిన దారి కూడా ఒక సాక్ష్యమే. 1863 నాటి నియమం ప్రకారం బంతి పక్కగీత దాటిపోతే, ముందుగా పరిగెత్తి దాన్ని ముట్టుకున్నవాడే లోపలికి విసరాలి. కాళ్ళలో సత్తువ ఉన్నవాడిదే హక్కు. తర్వాత ఆ పందేన్ని తీసేశారు. ఎవరి వల్ల బంతి బయటికి పోయిందో వాళ్ళ ఎదుటి జట్టుకు త్రో ఇన్ ఇచ్చారు. చిన్న సవరణే, కానీ బలానికి చెందిన వస్తువు అందులో బాధ్యతకు చెందినదైంది. ఎవరి తప్పూ లేకుండా రిఫరీయే ఆట ఆపవలసి వచ్చినప్పుడు వేసే డ్రాప్ బాల్ సంగతి ఇంకా ముచ్చటైనది. పూర్వం రెండు జట్ల మనుషుల మధ్య బంతిని జారవిడిస్తే ఇద్దరూ దానికోసం కుమ్ములాడేవాళ్ళు. 2019లో ఆ పోటీని తీసేసి, ఆట ఆగేముందు బంతి చివరగా ఎవరికి తగిలిందో సాధారణంగా ఆ జట్టుకే ఇవ్వాలన్నారు. ఆ బంతి కనీసం ఇద్దరు ఆటగాళ్ళకు తగలకుండా వలలో పడితే గోల్‌గా లెక్కించరు. ఎవరూ తప్పు చేయనిచోట ఎవరూ లాభపడకూడదు, ఆపకముందు ఎలా ఉందో అలాగే సాగాలి. ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. కార్నర్ ఇవ్వడానికి కూడా తప్పేమీ అక్కర్లేదు కదా, 1924 నుంచి కార్నర్ నుంచి నేరుగా గోల్ వేయవచ్చు, కిక్ ఆఫ్ నుంచి నేరుగా వేసినా ఇప్పుడు చెల్లుతుంది, మరి నీతికీ నియమానికీ పొత్తు ఎక్కడ అని. నిజమే, ఈ నియమాల్లో ప్రతిదీ నీతిసూత్రం కాదు, కొన్ని ఆట రక్తి కట్టడానికి పెట్టుకున్నవి. అలాంటివాటిని లాక్కొచ్చి అర్థాలు అంటగట్టను. బంతి ఎవరికివ్వాలన్న ప్రశ్నకు మాత్రం ఈ నియమాలు ఎటు జరుగుతూ వచ్చాయో చూడండి. పరుగుపందెం నుంచి బాధ్యత వైపు, కుమ్ములాట నుంచి యథాస్థితి వైపు జరిగాయి.

ఈ నియమాల్లో నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది చాలామంది ప్రేక్షకులకు తెలియనే తెలియదు. ఆటను తిరిగి మొదలుపెట్టే ఏ పద్ధతిలోనైనా సరే, కిక్ ఆఫ్ కానివ్వండి, ఫ్రీ కిక్, త్రో ఇన్, గోల్ కిక్, కార్నర్ కానివ్వండి, బంతి ఎవరికీ తగలకుండా నేరుగా సొంత గోల్‌లోకి పోతే అది గోల్ కాదు. ఎదుటి జట్టుకు కార్నర్ ఇస్తారంతే. సొంత గోల్ అనేది ఆటలో ఉంది, ఎంత పొరపాటున పడినా లెక్కలోకి వస్తుంది. మరి ఇక్కడెందుకు రాదు? బంతిని తిరిగి తన్నే హక్కు ఒక జట్టుకు ఇచ్చింది నష్టాన్ని పూడ్చుకోమని, లేదా కనీసం వాళ్ళ వంతు వాళ్ళకు అందాలని. ఆ ఇచ్చిన వస్తువే పుచ్చుకున్నవాడి మెడకు ఉరితాడు కాకూడదు. అతని చేతకానితనానికి మూల్యం ఉంది, అది కార్నర్‌తో ఆగిపోతుంది. 2002 సెప్టెంబరు 16న బర్మింగ్‌హామ్ సిటీకీ ఆస్టన్ విల్లాకూ జరిగిన ఆటలో విల్లా ఆటగాడు ఓలాఫ్ మెల్‌బెర్గ్ తన గోల్‌కీపర్ పీటర్ ఎంకెల్‌మన్‌కు త్రో ఇన్ వేశాడు. బంతి కీపర్ పాదం కిందుగా జారి వలలోకి దొర్లింది. అతని బూటు దానికి తగిలిందా లేదా అన్నదే మొత్తం వివాదం. తగిలితే గోల్, తగలకపోతే కార్నర్. రిఫరీ గోల్ ఇచ్చాడు. ఆ రాత్రి తీర్పు సరైనదో కాదో వదిలేద్దాం. ఒక మనిషి బూటు అంచు బంతికి తగలడమన్న సన్నని విషయం మీద ఇంత తేడా ఎందుకు పెట్టారో చూడాలి. తగిలితే ఆట మళ్ళీ మొదలై, అతను అందులో ఒక పని చేసినట్టు. తగలకపోతే పూడ్చుకోమని ఇచ్చిన హక్కు ఇంకా చేతిలోంచి దాటలేదు. సహాయం పొందినవాడు ఆ సహాయం వల్లే కూలిపోకూడదన్న ఈ జాగ్రత్త మన సంక్షేమ చట్టాల్లో ఎన్నిటికి ఉందో ఆలోచిస్తే దిగులేస్తుంది. అప్పుమాఫీ పొందిన రైతుకు బ్యాంకు కొత్త అప్పు ఇవ్వడానికి జంకితే, మాఫీయే అతనికి సొంత గోల్ అయినట్టు కదా.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. ఐదో నియమం ప్రకారం, ఆట తిరిగి మొదలయ్యాక రిఫరీ తన పాత నిర్ణయం తప్పని గుర్తించినా మార్చడానికి వీల్లేదు. వీడియో సహాయం వచ్చాక కూడా, తప్పు చేసినవాణ్ణి వదిలి వేరొకరికి కార్డు చూపడం, కొట్టడం, ఉమ్మడం, కొరకడం వంటి కొన్నిటిని మినహాయిస్తే, మళ్ళీ విజిల్ మోగి బంతి కదిలిన తర్వాత వెనక్కి వెళ్ళే దారి లేదు. తెలుగునాట ప్రామిసరీ నోటు రాయించుకున్న ప్రతివాడికీ ఈ సంగతి వేరే పేరుతో తెలుసు. నోటు రాసి మూడేళ్ళు దాటి, మధ్యలో చెల్లు కూడా పడకపోతే దానికి కాలదోషం పడుతుంది. 1963 నాటి పరిమితి చట్టం ఆ అప్పు అబద్ధమని చెప్పదు. దాని మీద కోర్టు తలుపు ఇక తెరుచుకోదని మాత్రమే చెబుతుంది. మూడేళ్ళ వ్యవధి ఉన్నప్పుడే గుండెలు బాదుకునేవాళ్ళు ఎందరో. ఫుట్‌బాల్‌లో ఆ గడువు ఒక్కోసారి కొన్ని సెకన్లు. 2023 సెప్టెంబరు 30న లండన్‌లో టాటెన్‌హామ్‌తో ఆడుతున్నప్పుడు లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాజ్ వేసిన గోల్‌ని ఆఫ్‌సైడ్ అని కొట్టేశారు. వీడియో గదిలో కూర్చున్నవాళ్ళు చూశారు, అది ఆఫ్‌సైడ్ కాదని వాళ్ళకు తెలిసింది. అయితే మైదానంలో గోల్ ఇచ్చారని పొరబడి, నిర్ణయం సరిగ్గానే ఉందని చెప్పేశారు. టాటెన్‌హామ్ ఫ్రీ కిక్ తన్నింది. ఆ వెంటనే గదిలో తప్పు బయటపడింది. ఆట ఆపమని ఒకరు అడిగారు కూడా. కానీ బంతి కదిలిపోయింది. ఆట 2–1తో టాటెన్‌హామ్ గెలిచింది, రిఫరీల సంస్థ మానవ తప్పిదమని ఒప్పుకుంది, ఫలితం అలాగే ఉండిపోయింది.

ఈ సంఘటన నా వాదనకు ఎదురు నిలిచే గట్టి సాక్ష్యం, దాన్ని పలచన చేసి చూపను. తప్పని అందరికీ తెలుసు. తెలిసింది గంటల తర్వాత కాదు, ఒక తన్ను తర్వాత. అలాంటప్పుడు ‘మూసేశాం’ అనడం న్యాయమా మొండితనమా? దీనికి జవాబు వెతకాలంటే జర్మనీలో జరిగిన రెండు ఆటలను పక్కపక్కన పెట్టాలి. 1994 ఏప్రిల్‌లో బేయర్న్ మ్యూనిక్ ఆటగాడు థామస్ హెల్మర్ తన్నిన బంతి స్తంభానికి బయటి నుంచి పోయింది. అయినా గోల్ ఇచ్చారు. బేయర్న్ 2–1తో గెలిచింది. ఓడిన న్యూరెంబర్గ్ ఫిర్యాదు చేస్తే జర్మన్ సంఘం ఆటను మళ్ళీ ఆడించింది. రెండోసారి బేయర్న్ 5–0తో గెలిచింది. 2013 అక్టోబరులో హాఫెన్‌హైమ్ మైదానంలో లెవర్‌కుజెన్ ఆటగాడు స్టెఫాన్ కీస్లింగ్ తలతో కొట్టిన బంతి పక్కవలలోని చిరుగు గుండా లోపలికి దూరింది. దాన్నీ గోల్ అన్నారు, లెవర్‌కుజెన్ 2–1తో గెలిచింది. ఈసారి సంఘం న్యాయస్థానం ఆటను మళ్ళీ ఆడించడానికి ఒప్పుకోలేదు. మైదానంలో జరిగినదాని మీద రిఫరీ ఇచ్చిన నిర్ణయమే అంతిమమంది. మొదటి తీర్పు మనసుకు హాయిగా ఉంటుంది. కానీ అందులో ఏం పోయిందో చూడండి. ఆ తప్పు గోల్‌తో పాటు, దాని తర్వాత ఇరవైఇద్దరు మనుషులు చేసిన నిజమైన పనులన్నీ పోయాయి. ఒకడు బంతిని ఆపాడు, ఒకడు పరిగెత్తి మోకాలు చెక్కుకున్నాడు, న్యూరెంబర్గ్ వేసిన ఒక గోల్ కూడా పోయింది. ఒక్కదాన్ని సరిదిద్దబోయి మచ్చలేని నూరు పనులను కొట్టేయాల్సి వచ్చింది.

ఆట తిరిగి మొదలయ్యే క్షణం గడియారంలో ఒక ముల్లు కదలిక కాదన్నది ఇక్కడే అర్థమవుతుంది. ఆ క్షణం నుంచి ప్రతివాడూ ‘ఇప్పుడు లెక్క ఇది’ అని నమ్మి తన పని చేస్తాడు. వెనకబడ్డామనుకున్నవాడు సాహసిస్తాడు, ముందున్నామనుకున్నవాడు కాచుకుంటాడు. పునాది ఇటుక వంకరదని తర్వాత తెలిసినా, దాని మీద ఇల్లు లేచాక ఇటుకను మాత్రమే లాగడం కుదరదు. మనవాళ్ళు గతజల సేతుబంధనం అన్నది ఇలాంటి ప్రయత్నాన్నే. మరి టాటెన్‌హామ్ ఆటలో ఇల్లు లేవలేదు కదా, అప్పుడే ఒక్క ఇటుక పెట్టారు కదా? ఒప్పుకుంటాను. ఆ ఒక్క తన్నును వెనక్కి తీసుకున్నా ఎవరి శ్రమా వృథా అయ్యేది కాదు. కానీ ఒక తన్నుకు వీలిస్తే రెండు తన్నులకు ఎందుకు వీల్లేదు, రెండు నిమిషాలకు ఎందుకు వీల్లేదు అన్న ప్రశ్న వస్తుంది. ఆ గీతను ఎవరో ఒకరు అప్పటికప్పుడు, అప్పటి లెక్కను బట్టి, పక్కనున్న జనం అరుపులను బట్టి గీయవలసి వస్తుంది. గీత ముందే గీసి ఉండాలి, ఎవరు గెలుస్తున్నారో తెలియకముందే గీసి ఉండాలి. ఆ రోజు లివర్‌పూల్‌కు అన్యాయం జరిగింది, నియమం దాన్ని కడిగి శుభ్రం చేయలేదు. నియమం వల్ల దక్కేది పరిపూర్ణ న్యాయం అని నేను అనడం లేదు. అన్యాయం ఒకచోట ఆగుతుందని అంటున్నాను.

అయితే మూసేది దేన్ని? 1986 జూన్ 22న మెక్సికో సిటీలో అర్జెంటీనా ఆటగాడు మారడోనా ఇంగ్లండ్ మీద చేత్తో వేసిన గోల్‌ని ట్యునీసియా రిఫరీ అలీ బిన్ నాసర్ ఇచ్చాడు, ఇంగ్లండ్ నడిమి నుంచి తన్నింది, లెక్క చివరికి 2–1. ఆ గోల్ గణాంకాల్లో ఈనాటికీ ఉంది. అది చేత్తో వేసిందని చెప్పడానికి ఈనాటికీ ఎవరికీ అడ్డులేదు, వేసినవాడే తర్వాత ఒప్పుకున్నాడు. ఫలితం మూసుకుంది, నిజం మూసుకోలేదు. ఈ రెంటినీ కలిపేసి చూడటం వల్లే ‘ముగింపు’ అన్న మాట అంటే మనకు అంత భయం. 2010 ప్రపంచకప్‌లో జర్మనీ మీద ఇంగ్లండ్ ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి అడ్డకర్రకు తగిలి గీత లోపల పడి బయటికొచ్చింది. రిఫరీకి కనపడలేదు, గోల్ ఇవ్వలేదు. ఆ ఆటను ఎవరూ తిరగదోడలేదు. కానీ 2012 జులైలో నియమాల మండలి గోల్ గీత దగ్గర సాంకేతిక పరికరాలకు అనుమతిచ్చింది, 2014 ప్రపంచకప్‌లో వాటిని వాడారు. తెరిచి ఉంచిన నిజం వెనక్కి పోయి ఫలితాన్ని మార్చలేకపోయింది, ముందుకు పోయి నియమాన్ని మార్చింది. ఇంకో మాట. ఏ బాకీనీ గడియారం మింగకూడదని ఈ ఆట పట్టుబట్టే చోటు ఒకటుంది. పెనాల్టీ ఇచ్చాక సమయం అయిపోతే, ఆ తన్ను పూర్తయ్యేదాకా ఆట గడువు పొడిగించాలి. విచారణ పూర్తయి తేల్చిన బాకీ గడియారం కంటే పెద్దది. తేల్చకుండా వదిలేసి, దాని మీద కొత్త పనులు కట్టుకున్నదానికే కాలదోషం.

దీనికంటే బలమైన అభ్యంతరం మైదానం బయటి నుంచి వస్తుంది. ‘జరిగిందేదో జరిగింది, మళ్ళీ మొదలుపెడదాం’ అన్న మాట లోకంలో ఎప్పుడూ గెలిచినవాడి నోటి నుంచే వినపడుతుంది. తరతరాలుగా నేల పోగొట్టుకున్నవాళ్ళకు, ఊరి చివరకు నెట్టబడ్డవాళ్ళకు పాతవి తవ్వొద్దని చెప్పేది ఆ నేల మీద కూర్చున్నవాళ్ళే. అలాంటప్పుడు పునఃప్రారంభాన్ని మెచ్చుకోవడం వాళ్ళకు ఆయుధం అందించడం కాదా? ఈ అభ్యంతరాన్ని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. దీనికి జవాబు మళ్ళీ ఆ మధ్యగీత దగ్గరే ఉంది. ఫుట్‌బాల్ చెప్పే పునఃప్రారంభంలో మూడు విషయాలు విడదీయలేనివి. జరిగింది పలక మీద అందరికీ కనపడేలా ఉంటుంది. గెలుచుకున్నవాడు ఆక్రమించిన నేల వదిలి వెనక్కి వస్తాడు. మొదటి బంతి నష్టపోయినవాడికి అందుతుంది. ఆక్రమించిన నేలలోనే నిలబడి, బంతిని తన కాళ్ళ దగ్గరే ఉంచుకుని, పలక మీది అంకెను తుడిచేసి ‘మళ్ళీ మొదలెడదాం’ అనేవాడు ఆట కొనసాగిస్తున్నాడంతే, దేన్నీ తిరిగి మొదలుపెట్టడం లేదు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష ముగిశాక 1996లో పని మొదలుపెట్టిన సత్య సమన్వయ కమిషన్ మొదటి పనిని గొప్పగా చేసింది. దారుణాలను బాహాటంగా వినిపించింది, రాయించింది. కానీ బాధితులకు కమిషన్ సిఫారసు చేసినంత పరిహారం ప్రభుత్వం ఇవ్వలేదు, సంపన్న వ్యాపారాల మీద వేయమన్న పన్ను వేయలేదు. అంకె పలక మీదికి ఎక్కింది, బంతి మాత్రం చేతులు మారలేదు. ఆ దేశంలో ఇప్పటికీ వినిపించే అసంతృప్తికి ఇది ఒక ముఖ్య కారణమంటే తప్పు కాదు. 1958లో వచ్చిన తన గ్రంథంలో తత్వవేత్త హన్నా ఆరెంట్, చేసినదాన్ని వెనక్కి తీసుకోలేని మనిషికి క్షమే విడుదల అని వాదించింది. ఆమె మీద ఎంతో గౌరవం ఉంది. అయినా క్షమను మొదటి షరతుగా పెడితే ఆ బరువు మళ్ళీ దెబ్బతిన్నవాడి మీదే పడుతుంది. నడిమి చుక్క దగ్గర నిలబడ్డ ఆటగాడు ఎవరినీ క్షమించనక్కర్లేదు. అతనికి బంతి ఇస్తే చాలు.

చివరగా, నియమం మూసేసినదాన్ని మనస్సాక్షి తెరవవచ్చా? మన 1872 కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. కాలదోషం పట్టిన అప్పును తీరుస్తానని బాకీపడ్డవాడే సంతకం చేసి రాసిస్తే ఆ మాట చెల్లుతుంది. అప్పిచ్చినవాడు తెరవలేని తలుపును, మూసి ఉండటం వల్ల లాభపడుతున్నవాడు తెరవగలడు. 1999 ఫిబ్రవరిలో ఎఫ్.ఎ. కప్ ఆటలో, గాయపడిన తోటివాడి కోసం షెఫీల్డ్ యునైటెడ్ బంతిని బయటికి కొట్టింది. ఆర్సెనల్ త్రో ఇన్‌తో దాన్ని మర్యాదగా తిరిగి ఇవ్వబోతుంటే, ఆ సంప్రదాయం గమనించని ఆర్సెనల్ ఆటగాడు కాను బంతి అందుకుని ఓవర్‌మార్స్‌కు అందించాడు, అతను గోల్ వేశాడు. నియమం ప్రకారం అది గోలే. ఆర్సెనల్ శిక్షకుడు ఆర్సెన్ వెంగర్ తన జట్టు గెలిచిన ఆటను మళ్ళీ ఆడదామన్నాడు. పది రోజులకు ఆడి మళ్ళీ 2–1తోనే గెలిచారు. 2012లో షాఖ్తార్ ఆటగాడు లూయిజ్ అడ్రియానో కూడా, డ్రాప్ బాల్ తర్వాత డెన్మార్క్ క్లబ్ జట్టుకు తిరిగి ఇస్తున్న బంతిని అందుకుని గోల్ వేశాడు. ఆ గోల్ నిలిచింది, అతని మీద ఒక ఆట నిషేధం పడింది. అక్కడ తెరవవలసినవాళ్ళు తెరవలేదు, కాబట్టి బయటి నుంచి శిక్ష రావలసి వచ్చింది.

అన్నిటికంటే ముందుకు వెళ్ళింది మార్సెలో బియెల్సా. 2019 ఏప్రిల్ 28న ఆయన శిక్షణలోని లీడ్స్ యునైటెడ్, పై డివిజన్‌కు నేరుగా చేరే అవకాశం కోసం ఆస్టన్ విల్లాతో ఆడుతోంది. విల్లా ఆటగాడొకడు దెబ్బతిని నేల మీద ఉన్నాడు. లీడ్స్ బంతిని బయటికి కొడుతుందనుకుని విల్లావాళ్ళు వేగం తగ్గించారు. లీడ్స్ ఆటగాడు క్లిష్ గోల్ వేశాడు. తోపులాట జరిగింది, ఒకడికి ఎర్రకార్డు చూపించారు. గోల్ నియమబద్ధమే, రిఫరీకి దాన్ని కొట్టేసే అధికారం లేదు. బియెల్సా కూడా దాన్ని కొట్టేయమని అడగలేదు. బంతి నడిమికి వచ్చింది, నియమం ప్రకారం విల్లా తన్నాలి. విల్లాను గోల్ వేయనివ్వండని ఆయన పక్కగీత దగ్గరి నుంచి తన జట్టుకు ఆజ్ఞాపించాడు. విల్లా ఆటగాడు అల్బర్ట్ అడోమా బంతిని తీసుకుని లీడ్స్ సగంలోకి నడిచాడు. ఒక్క డిఫెండర్ మనసు ఒప్పక అడ్డం పడబోయాడు, మిగతావాళ్ళు నిలబడి చూశారు. బంతి గీత దాటింది. క్లిష్ గోల్ పలక మీద అలాగే ఉంది, దాని పక్కన ఇంకొక అంకె వచ్చింది, 1–1. బంతి లీడ్స్ వలలోంచి మళ్ళీ బయటికి వచ్చింది. ఈసారి నడిమి నుంచి తన్నవలసింది లీడ్స్.